గిలిగిచ్చ కాయలోని చిమ్మటను పెంచడం ఎలా: సమగ్ర మార్గదర్శి

వానలు తగ్గుముఖం పట్టాక బీళ్లలో, గట్ల మీద, రోడ్ల పక్కన పసుపు పూలతో నిలబడే గిలిగిచ్చ మొక్కను మీరు చూసే ఉంటారు. కాయలు గాలి నింపినట్టు ఉబ్బి ఉంటాయి. ఎండాక ఊపితే లోపలి గింజలు గలగలమంటాయి. ఆ కాయల్లో దేనికైనా గుండ్రటి కన్నం కనిపిస్తే అక్కడ ఆగండి. లోపల గింజలు తింటూ ఒక గొంగళిపురుగు ఉండవచ్చు. అది పెరిగితే నారింజ రంగు రెక్కల మీద నల్లచుక్కలు చల్లినట్టుండే చిమ్మట అవుతుంది.

దీని శాస్త్రీయ నామం ఆర్జీనా ఆస్ట్రియా. డ్రూ డ్రూరీ అనే ఇంగ్లిష్ కీటక సేకర్త 1773లో దీన్ని తొలిసారి వర్ణించాడు. వ్యవసాయ పుస్తకాల్లో ఆర్జీనా క్రిబ్రేరియా అనే పాత పేరుతో, జనుము కాయ తొలిచే పురుగుగా కనిపిస్తుంది. ఆఫ్రికా నుంచి మన దేశం, ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా వ్యాపించి ఉంది. అంటే ఇది అరుదైన పురుగేమీ కాదు. మొక్కను గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు, ఈ పురుగు దొరకడానికి పెద్దగా తిరగక్కర్లేదు.

పెట్టె గురించి, శుభ్రత గురించి చెప్పే ముందు ఒక్క మాట. ఈ పురుగుకు ఆకు వేసి ఊరుకోకండి, కాయ పెట్టండి. మిగతా విషయాల్లో కాస్త అటూ ఇటూ అయినా పురుగు తట్టుకుంటుంది. ఈ విషయంలో మాత్రం రాజీ పడకూడదు. కారణం కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

కాయ ఎందుకు పెట్టాలి

గిలిగిచ్చ జాతుల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషపదార్థాలు ఉంటాయి. మోనోక్రోటలిన్ వాటిలో ఒకటి. ఇవి గింజల్లో దండిగా ఉంటాయి. పశువులు ఈ మొక్కను ఎక్కువగా మేస్తే కాలేయం దెబ్బతింటుంది. అదే విషాన్ని ఈ గుంపు చిమ్మటలు తిని అరిగించుకుని, ఒంట్లో దాచుకుంటాయి. రెక్కల మీది కొట్టొచ్చే రంగు ‘నన్ను తింటే చేదే’ అని పక్షులకు చేసే హెచ్చరిక.

దీనికి దగ్గరి చుట్టం యూటెథీసా ఆర్నాట్రిక్స్ అనే చిమ్మట అమెరికా ఖండాల్లో ఉంది. అదీ గిలిగిచ్చల మీదే బతుకుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ ఐస్నర్, జెరాల్డ్ మైన్‌వాల్డ్ బృందం ఏళ్ల తరబడి దాని మీద పనిచేసింది. ఆల్కలాయిడ్లు లేని చిక్కుడు జాతి గింజల మేత పెట్టి కొన్ని గొంగళ్లను పెంచారు. అవి ఏ లోటూ లేనట్టే పెరిగి చిమ్మటలయ్యాయి. కానీ సాలెగూట్లో పడేస్తే సాలీడు వాటిని తినేసింది. గిలిగిచ్చ తిని పెరిగిన చిమ్మట పడినప్పుడు మాత్రం సాలీడు వచ్చింది, తాకి చూసింది, చుట్టూ ఉన్న దారాలను తనే తెంపి దాన్ని వదిలేసింది. చంపకుండా ఊరుకోవడం వేరు, పనిగట్టుకుని విడిపించడం వేరు. నాకు ఈ విషయం ఎప్పుడు గుర్తొచ్చినా ఆశ్చర్యమే.

కథ అక్కడితో ఆగలేదు. మగ చిమ్మట ఆడదాన్ని ఆకర్షించే వాసనను ఈ విషం నుంచే తయారుచేసుకుంటుంది. చిన్నప్పుడు విషం దొరకని మగపురుగుకు ఆ వాసన ఉండదు, ఆడపురుగు దాన్ని అంతగా ఇష్టపడదు. జతకట్టేటప్పుడు మగది వీర్యంతో పాటు కొంత ఆల్కలాయిడ్‌నూ ఆడదానికి అందిస్తుంది. ఆడది తన వాటానూ అతని వాటానూ కలిపి గుడ్లకు పంచుతుంది. విషం అందక పెరిగిన గొంగళ్లు ఆ లోటు తీర్చుకోవడానికి సొంత జాతి గుడ్లనే తినేస్తాయని కూడా అదే బృందం చూపించింది.

ఈ ప్రయోగాలు జరిగింది ఆ చుట్టం మీద. మన పురుగుదీ అదే మొక్క, అదే కాయ తొలిచే అలవాటు. కాబట్టి పెంపకంలో అదే జాగ్రత్త పాటించడం న్యాయం. కాయ లేకుండా పెంచినా రెక్కలు వస్తాయి, ఫొటో బాగానే వస్తుంది. కానీ బయటికి వదిలాక దాన్ని కాపాడే విషం ఒంట్లో తక్కువగా ఉంటుంది.

మొదటి పని: మొక్కను పట్టుకోండి

గిలిగిచ్చల్లో (శాస్త్రీయంగా క్రోటలేరియా) చాలా జాతులున్నాయి. పువ్వు అన్నిట్లోనూ చిక్కుడు, కంది పువ్వుల తీరులోనే ఉంటుంది: వెనక ఒక పెద్ద రేకు, పక్కన రెండు, ముందు పడవలా కలిసిపోయిన ముక్కు. ఎక్కువగా కనిపించేవి ఇవి.

ఆకు ఒక్కటిగా ఉండి, కొస వెడల్పై మధ్యలో చిన్న నొక్కు ఉంటే, పసుపు పూలు గెలలా నిలబడి ఉంటే అది క్రోటలేరియా రెట్యూసా. పువ్వు నీలం లేదా ఊదా రంగులో ఉండి, కాండం పలకలుగా ఉంటే వెరుకోసా. ఆకు మూడు చీలికలై, కాయలు గెల నిండా దట్టంగా వేలాడుతుంటే పల్లిడా. ఇక జనుము అందరికీ తెలిసిందే, అదీ ఈ కుటుంబమే. సన్నటి పొడుగాటి ఆకులు, పెద్ద పసుపు పూలు, నూగు కాయలు.

ఏ జాతి మీద పురుగు దొరికిందో తప్పకుండా రాసుకోండి. చివరిదాకా అదే జాతి కాయలు పెట్టడం మంచిది. మధ్యలో మారిస్తే కొన్ని పురుగులు మేత మానేస్తాయి.

కోసే ముందు ఆ చోట మందు కొట్టారేమో కనుక్కోండి. పొలం గట్టు మీద మొక్కలకు పక్క చేలో కొట్టిన పురుగుమందు పడి ఉంటుంది. నీళ్లతో కడిగితే అంతా పోతుందనుకోవద్దు. మొక్క లోపలికి ఇంకే మందులు కడిగినా పోవు. అనుమానం ఉంటే వేరే చోటు చూసుకోండి. అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా మొక్కనూ పురుగునూ ముట్టుకోకూడదు.

పురుగును వెతకడం

పొద్దున్నే, ఎండ ముదరకముందు వెళ్లండి. మొక్క దగ్గర ఒక నిమిషం ఊరికే నిలబడి చూడండి. పగలు మొక్కను కదిలిస్తే పెద్ద చిమ్మటలు లేచి కొద్ది దూరంలోనే వాలతాయి. అవి కనిపించాయంటే గుడ్లూ పిల్లలూ అక్కడే ఎక్కడో ఉంటాయి.

లేత గొంగళ్లు ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి. అందుకే ఆకు మీద పలుచటి పొరలాంటి మచ్చలు కనిపిస్తాయి. ఆకు తిప్పి చూడండి. ఎదిగిన గొంగళి కాయ మీదికి వెళ్తుంది, కన్నం చేసి తల లోపల పెట్టి గింజలు తింటుంది. కన్నం అంచు పచ్చిగా ఉండి, దగ్గర్లో తేమగా ఉన్న పెంటికలు అంటుకుని ఉంటే పురుగు లోపలే ఉంది. అంచు ఎండి గోధుమ రంగుకు తిరిగితే అది వెళ్లిపోయి చాలాసేపైంది.

కాయలో ఉన్నదల్లా మన పురుగే కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. నున్నగా, పొట్టిగా, నత్తలా అతుక్కుని ఉండి చుట్టూ చీమలు తిరుగుతుంటే అది పీ బ్లూ అనే చిన్న నీలి సీతాకోక పిల్ల. పొడవుగా, పక్కల చారలతో, దాదాపు నున్నగా ఉంటే శనగపచ్చ పురుగు కావచ్చు. మనకు కావాల్సినది నల్లటి ఒంటి మీద తెల్ల గుర్తులతో, అక్కడక్కడ పలుచని వెంట్రుకలతో ఉంటుంది. ఇదే తీరులో, పైన చెప్పిన అమెరికా చుట్టానికి మన దగ్గరున్న యూటెథీసా బంధువుల గొంగళ్లూ ఇదే మొక్క మీద ఉంటాయి. ఈ దశలో రెంటినీ విడదీయాలని తంటాలు పడకండి. మేతా పద్ధతీ రెంటికీ ఒకటే, రెక్కలొచ్చాక సంగతి తేలిపోతుంది.

నాలుగైదు పురుగులు చాలు. చేత్తో లాగకండి. పురుగు తన కాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది, లాగితే కాళ్లు దెబ్బతింటాయి. అది ఉన్న కాయనో కొమ్మనో కత్తెరతో కోసి డబ్బాలో పెట్టండి. ఎప్పుడైనా కదపాల్సి వస్తే మెత్తటి పెయింటింగ్ బ్రష్ వాడండి. వెంట్రుకలు కొందరికి దురద పెడతాయి. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

పెట్టె సిద్ధం చేయడం

మూతున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బా చాలు. మూతలో వెడల్పుగా కోసి, ఆ ఖాళీకి సన్నటి నూలు గుడ్డ అతికించండి. లేత పురుగులు దోమతెర కన్నాల్లోంచి తేలిగ్గా జారిపోతాయి కాబట్టి గుడ్డే నయం. అడుగున టిష్యూ పేపర్ పరవండి.

కొమ్మ తాజాగా ఉండాలంటే చిన్న సీసాలో నీళ్లు పోసి కొమ్మ గుచ్చి, సీసా మూతిని దూదితో బిగుతుగా మూసేయండి. ఈ దూది మర్చిపోతే తెల్లారేసరికి పురుగు కాండం వెంట దిగి నీళ్లలో పడి చచ్చిపోతుంది.

డబ్బాను నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. కిటికీ ఎండలో మూసిన డబ్బా కాసేపట్లోనే పొయ్యిలా కాగుతుంది. చీమలు పట్టకుండా నీళ్లు పోసిన పళ్లెంలో ఒక గిన్నె బోర్లించి దాని మీద డబ్బా ఉంచండి. పిల్లలకు, కోళ్లకు, మేకలకు గిలిగిచ్చ కాయలు అందనివ్వకండి. గింజలు నోట్లో పెట్టుకోకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

రోజువారీ పని

రోజుకొకసారి పెంటికలు తీసి, టిష్యూ మార్చి, కొత్త మేత పెట్టడం. అంతే పని, కానీ ఒక్కరోజు కూడా మానకూడదు. లోపలి గోడల మీద నీటి చుక్కలు పడుతుంటే గాలి చాలడం లేదని అర్థం. ఆ తేమలోనే బూజు, రోగాలు పుడతాయి.

లేత పిల్లలకు లేత ఆకు, పూమొగ్గలు పెట్టండి. ఒక సెంటీమీటరు దాటాక కాయలు మొదలుపెట్టండి. పూర్తిగా ఎండినవి వద్దు. పచ్చిగా ఉండి, వేలితో నొక్కితే లోపల గింజ గట్టిగా తగిలేవి ఎంచుకోండి. చిన్న పురుగుకు కాయ గోడ తొలవడం కష్టమైతే ఒక కాయను నిలువునా చీల్చి పెట్టండి. పాత కాయ పారేసే ముందు తప్పకుండా విప్పి చూడండి. లోపల పురుగు ఉండగానే చెత్తబుట్టలో పడేయడం ఈ పెంపకంలో తరచూ జరిగే పొరపాటు.

దగ్గర కూర్చుని ఒకసారి చూడండి. పురుగు తల మాత్రమే కన్నంలో ఉంటుంది, వెనక ఒళ్లంతా బయట. గింజ అందేకొద్దీ కొంచెం కొంచెంగా లోపలికి జరుగుతుంది. కాయను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల దాని నీడ కదలడం కనిపిస్తుంది. తినేశాక గింజ తొక్క మిగులుతుంది, కాయ తేలికైపోతుంది.

మధ్యమధ్య పురుగు మేత మాని, ఒకచోట కదలకుండా కూర్చుంటుంది. తల వెనక కొత్త తల ఉబ్బినట్టు కనిపిస్తుంది. అది చర్మం విడవబోతోంది. చచ్చిపోతోందేమోనని టెన్షన్ పడి కదిలించకండి. ఆ సమయంలో కొమ్మ నుంచి విడదీస్తే పాత చర్మం ఊడక నిజంగానే చనిపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మేతకు దిగుతుంది.

గుడ్లు దొరికితే వాటిని వేరే డబ్బాలో ఉంచండి. పెద్ద గొంగళ్లను, అప్పుడే పుట్టినవాటిని కలపకండి. మేత, ముఖ్యంగా కాయ, ఎప్పుడూ మిగిలేలా చూసుకోండి.

వేడి వాతావరణంలో గొంగళి దశ రెండు మూడు వారాల్లో ముగుస్తుంది. చలిగా ఉంటే ఇంకా సాగుతుంది.

రోగాలు, పరాన్నజీవులు

పురుగు మెత్తబడి, నల్లగా మారి, తలకిందులుగా వేలాడి, తాకితే నీరు కారితే అది అంటురోగం. దాన్ని వెంటనే తీసి దూరంగా పారేయండి. మిగతావాటిని కొత్త డబ్బాలోకి మార్చండి. పాత డబ్బాను సబ్బుతో, ఆపైన బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి.

పురుగు ఒంటి పక్కన బియ్యపు గింజకంటే చిన్న తెల్లటి గూళ్లు కనిపిస్తే సన్నటి పరాన్న కందిరీగల పిల్లలు దాని లోపల పెరిగి బయటికొచ్చాయన్నమాట. ఆ పురుగు బతకదు. బాధగానే ఉంటుంది, కానీ ఆ గూళ్లను నలిపేయకండి. వేరే డబ్బాలో పెట్టి, కందిరీగలు వచ్చాక ఫొటో తీసి, పురుగు దొరికిన చోటే వదిలేయండి. ఏ కందిరీగ ఏ గొంగళిని ఆశ్రయిస్తుందో ఇలా పెంచి చూసేవాళ్ల వల్లే చాలావరకు తెలుస్తుంది.

ప్యూపా దశ

ఎదిగిన పురుగు మేత మానేసి డబ్బా అంతా గాభరాగా తిరుగుతుంది. అప్పటికప్పుడు అడుగున రెండు వేళ్ల మందాన పొడిబారని మట్టి, దాని మీద ఎండుటాకులు వేయండి. ఆకుల మధ్య పలుచటి దారాలతో చోటు చేసుకుని అక్కడే ప్యూపాగా (గొంగళికీ చిమ్మటకూ మధ్య కదలని దశ) మారుతుంది. మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు మాత్రం కారకూడదు. రెండు రోజులకొకసారి పక్కగా కొద్దిగా నీళ్లు చిలకరించండి, ప్యూపా మీద కాదు. తవ్వి చూడాలని మనసు లాగుతుంది. మొదటి మూడు రోజులు అసలు ముట్టుకోకండి, పైపొర అప్పటికింకా గట్టిపడదు.

డబ్బా గోడకు ఆనించి గరుకైన పుల్లలు నిలబెట్టండి. బయటికొచ్చిన చిమ్మట పైకి పాకి, వేలాడి రెక్కలు చాచుకోవాలి. నున్నటి ప్లాస్టిక్ మీద జారిపడితే రెక్కలు ముడుచుకునే గట్టిపడతాయి, ఇక ఎగరలేదు. వారం నుంచి రెండు వారాల్లో ఎప్పుడైనా రావచ్చు.

వచ్చింది ఎవరు?

రెక్కలు ఆరడానికి కొన్ని గంటలు వదిలేయండి. అడుగున రంగు ద్రవం పడి ఉంటే కంగారు వద్దు, ప్యూపాలో మిగిలిన వ్యర్థమే అది.

రెక్కలు చాచితే సుమారు నాలుగు సెంటీమీటర్లు ఉండి, నాలుగు రెక్కలూ నారింజ ఛాయలో ఉండి, ముందు రెక్కల మీద లేత రంగు అంచున్న నల్లచుక్కలు వరసలుగా ఉంటే అది ఆర్జీనా ఆస్ట్రియా. ముందు రెక్కలు తెల్లగా ఉండి, వాటి మీద ఎరుపు, నలుపు చుక్కలుంటే యూటెథీసా. ఇంకాస్త పెద్దగా, ముందు రెక్కలు గులాబీ కలిసిన బూడిద రంగులో, వెనక రెక్కలు ఎర్రగా ఉంటే మాంజినా ఆర్గస్, అదీ గిలిగిచ్చ పురుగే. యూటెథీసాను వేళ్లతో పట్టుకుంటే మెడ దగ్గర నురగ కక్కుతుంది. ఆ నురగలోనూ విషం ఉంటుంది కాబట్టి ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి.

ఫొటో రెక్కల పైభాగానికి ఒకటి, అడుగుభాగానికి ఒకటి తీయండి. గుర్తింపుకు రెండూ కావాలి.

వదిలే చోటు, వదలకూడని చోటు

పురుగు దొరికిన చోటే, అదే మొక్కల దగ్గర, చీకటి పడుతుండగా వదలండి. పగటి వెలుతురులో కొత్త చిమ్మటను పక్షి ముందు పడేయకండి. రుచి చూసి వదిలేసినా రెక్క చిరగడం ఖాయం. వానగా ఉంటే ఒకరోజు ఆపి, పంచదార నీళ్లలో ముంచిన దూది లోపల పెట్టండి.

విత్తనం కోసం పెంచుతున్న జనుము చేలో మాత్రం వదలకండి. అక్కడ ఇది నిజంగా నష్టం చేసే పురుగు, రైతు గింజను మన ముచ్చట కోసం పాడుచేయకూడదు. పచ్చిరొట్టగా వేసిన జనుములో వదిలినా లాభం లేదు. నలభై ఐదు, యాభై రోజులకు కాయ పట్టకముందే కలియదున్నేస్తారు, పెట్టిన గుడ్లు మట్టిలో కలిసిపోతాయి. బీడులో, గట్టున తనంతట తాను మొలిచిన గిలిగిచ్చే సరైన చోటు.

మొక్కను పెంచుకోవాలంటే

పెరట్లో నాలుగు మొక్కలుంటే మేత కోసం వెతుక్కోనక్కర్లేదు. మీ చుట్టుపక్కల ఇప్పటికే పెరుగుతున్న జాతి గింజలే తీసుకోండి. బయటి జాతుల్ని తెచ్చి చల్లకండి, కొన్ని గిలిగిచ్చలు కొత్త చోట కలుపై కూర్చుంటాయి. గింజ తొక్క గట్టిది. గరుకు కాగితం మీద కొద్దిగా రుద్ది, రాత్రంతా నానబెట్టి నాటండి. పూర్తి ఎండ కావాలి, ఎరువు అక్కర్లేదు. వేళ్ల మీది బుడిపెల్లోని బ్యాక్టీరియా నత్రజనిని సమకూరుస్తుంది.

పూత మొదలయ్యాక మరో వేడుక కూడా చూడవచ్చు. బ్లూ టైగర్ లాంటి సీతాకోకలు వచ్చి గిలిగిచ్చ ఆకులను, కాయలను కాళ్లతో గీకి, అక్కడ ఊరిన రసం పీలుస్తాయి. తేనె కోసం కాదు, వాటికీ ఇవే ఆల్కలాయిడ్లు కావాలి. ఆకు మీద అలాంటి గీతలు కనిపిస్తే అది గొంగళి పని అనుకోకండి.

రాసుకోవాల్సినవి

పురుగు దొరికిన తేదీ, చోటు, మొక్క జాతి, ఆకు మీద దొరికిందా కాయలోనా, ప్యూపా అయిన రోజు, రెక్కలొచ్చిన రోజు, పరాన్నజీవి ఏదైనా వస్తే దాని వివరం. ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫొటోలు పెట్టి గుర్తింపు తెలుసుకునే వెబ్‌సైట్) పెట్టేటప్పుడు గొంగళి ఫొటోనూ చిమ్మట ఫొటోనూ విడివిడిగా ఎక్కించి, రెండూ ఒకే పురుగువని వివరణలో రాసి లింకు ఇవ్వండి. విడిగా తీసిన గొంగళి ఫొటోలు అక్కడ చాలానే ఉంటాయి. ఫలానా గొంగళే ఫలానా చిమ్మట అయిందని కళ్లారా చూసి పెట్టిన జంట ఫొటోలు తక్కువ, గుర్తింపు చేసేవాళ్లకు అవే ఎక్కువ అక్కరకొస్తాయి.